302 న్యూరాన్ల పురుగులో డోపమైన్, సెరటోనిన్ ఏం చేస్తాయి? ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుందా?

మీరు ఒక ప్రశ్న అన్నారు గానీ ఇందులో మూడున్నాయి. డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే ప్రశాంతత అని రీల్స్‌లో చెప్పేది సీ. ఎలిగాన్స్ లాంటి చిన్న పురుగుకీ వర్తిస్తుందా? ఒక రసాయనం పెరిగితే ఇంకొకటి తగ్గుతుందా? ఏ న్యూరాన్‌కి ఏది కలిసిందో మ్యాప్ మొత్తం 1986లోనే వచ్చేసినా, ఆ పురుగు తర్వాతి నిమిషంలో ఏం చేస్తుందో ఎందుకు చెప్పలేకపోతున్నారు? చివర్లో, ఎంఎస్సీ ప్రాజెక్టుగా మా కాలేజీలో చేయొచ్చా అని కూడా అడిగారు. దానికి ఆఖర్న వస్తాను.

ముందు సూటిగా జవాబు. ఈ రసాయనాలకు ఆనందం, ప్రశాంతత లాంటి అర్థాలేవీ లేవు. పురుగులో డోపమైన్ ముఖ్యంగా చెప్పేది "ఒంటికి ఏదో తగిలింది" అని. సెరటోనిన్ "తిండి గొంతులోకి వస్తోంది" అంటుంది. ఆక్టోపమైన్ "తిండి లేదు" అంటుంది. టైరమైన్ "పారిపో" అంటుంది. ఇవి కూడా గుర్తుపెట్టుకోవడానికి నేను పెట్టుకున్న పేర్లే. అసలు ఏం జరుగుతుందన్నది ఆ రసాయనాన్ని ఏ కణం వదిలింది, ఏ కణం మీద ఏ రిసెప్టర్ (ఆ రసాయనాన్ని పట్టుకునే ప్రొటీన్) ఉంది, ఆ సమయంలో ఇంకా ఏ రసాయనం తిరుగుతోంది అన్న మూడింటి మీద ఆధారపడుతుంది. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గడం కొన్నిచోట్ల నిజంగా ఉంది. అన్నిచోట్లా లేదు.

నా గురించి రెండు ముక్కలు. తార్నాక వైపు ఒక ల్యాబ్‌లో పదకొండేళ్లు ఈ పురుగులతోనే గడిపాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. కాబట్టి పుస్తకంలో ఉన్నదానికంటే ప్లేటు మీద చూసిందే ఎక్కువ చెబుతాను.

పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. ప్లేటుని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అగార్ మీద ఎవరో పెన్సిల్‌తో కామాలు పెట్టినట్టు కనబడతాయి. ఆడ, మగ పనులు రెండూ చేసే హెర్మాఫ్రొడైట్ పురుగులో సరిగ్గా 302 న్యూరాన్లు, ప్రతి పురుగులోనూ అవే, అక్కడే. వాటిలో డోపమైన్ తయారుచేసేవి ఎనిమిదే. నాలుగు తల ముందు భాగంలో, రెండు మెడ దగ్గర, రెండు నడుముకి కాస్త వెనక. సెరటోనిన్‌ని గట్టిగా తయారుచేసేవి మూడు జతలు: గొంతులో ఎన్‌ఎస్‌ఎం, గుడ్లు పెట్టే ద్వారం దగ్గర హెచ్‌ఎస్‌ఎన్, తలలో ఏడీఎఫ్. టైరమైన్‌కి ముఖ్యంగా ఆర్‌ఐఎం అనే జత, ఆక్టోపమైన్‌కి ఆర్‌ఐసీ అనే జత. మనలో ఉండే అడ్రినలిన్, నారడ్రినలిన్ పురుగులో లేవు. ఆ పనిని దాదాపుగా ఈ చివరి రెండూ చూసుకుంటాయి.

ఇప్పుడు మేం కొత్తగా చేరిన వాళ్లందరితో మొదటి వారంలోనే చేయించే ప్రయోగం చెబుతాను. సగం విషయం ఇందులోనే ఉంది.

ఒక ప్లేటు మీద ఈ. కోలై బ్యాక్టీరియా పల్చగా పెరిగి ఉంటుంది, దాన్ని లాన్ అంటాం. ఇంకో ప్లేటు ఖాళీ. కడుపు నిండిన పురుగుని ఖాళీ ప్లేటు మీద వదిలితే 20 సెకన్లలో ఇరవై దాకా మెలికలు తిరుగుతూ జోరుగా పాకుతుంది. లాన్ మీద వదిలితే కాస్త నెమ్మదిస్తుంది. అదే పురుగుని అరగంట పస్తు పెట్టి లాన్ మీద వదలండి, దాదాపు ఆగిపోతుంది. 20 సెకన్లలో నాలుగైదు మెలికలు, అంతే. మైక్రోస్కోప్‌లో చూస్తే లాన్ అంచు దాటి తల లోపలికి పెట్టిన క్షణంలోనే బ్రేకు పడినట్టు తెలుస్తుంది. కుక్కర్ విజిల్ వేసినప్పుడు పిల్లలు ఆటలో ఒక క్షణం ఆగి చూస్తారే, అలా.

మొదటి రకం నెమ్మదించడం డోపమైన్ పని. పస్తున్న పురుగు ఆగిపోవడం సెరటోనిన్ పని. ఈ రెండూ వేర్వేరు అని 2000లో సావిన్, రంగనాథన్, హార్విట్జ్ చూపించారు. అందులో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. బ్యాక్టీరియా బదులు తినడానికి పనికిరాని సన్నని సెఫాడెక్స్ పూసలు ప్లేటు మీద పరిచినా కడుపు నిండిన పురుగు నెమ్మదించింది. అంటే డోపమైన్ న్యూరాన్లు రుచి చూడటం లేదు, ఒంటికి తగిలే గరుకుదనాన్ని పసిగడుతున్నాయి. ఇందులో ఆనందం ఎక్కడుంది చెప్పండి.

ఇది నిజంగా అర్థమైంది మాత్రం నా సొంత తప్పు వల్ల. చేరిన రెండో ఏడు ఒక సాయంత్రం బెంచి తుడుస్తూ స్పిరిట్ ఒలకబోశాను. మూడు ప్లేట్ల మీద మార్కర్‌తో రాసిన పేర్లు చెరిగిపోయాయి. ఒకటి మామూలు ఎన్2 రకం, ఒకటి డోపమైన్ తయారుచేసుకోలేని క్యాట్-2 మ్యూటెంట్ (ఒక జన్యువు చెడిన పురుగు), ఒకటి సెరటోనిన్ తయారుచేసుకోలేని టీపీహెచ్-1. మైక్రోస్కోప్ కింద మూడూ పురుగులే, పెద్ద తేడా కనబడదు. సీనియర్ అక్క తిట్టలేదు, "అవే చెబుతాయి, అడుగు" అంది. అడిగాను. ఒక ప్లేటు పురుగులు కడుపు నిండి ఉన్నప్పుడు లాన్ తగిలినా వేగం తగ్గించలేదు, పస్తు పెడితే మాత్రం మామూలుగానే ఆగాయి. అది క్యాట్-2. ఇంకో ప్లేటువి కడుపు నిండి ఉన్నప్పుడు సరిగ్గానే నెమ్మదించాయి, పస్తు తర్వాత ఆగాల్సినంత ఆగలేదు. అది టీపీహెచ్-1. పైగా వాటి కడుపులో గుడ్లు కాస్త ఎక్కువ నిలవున్నాయి. రాత్రి పదకొండున్నరకి మూడు ప్లేట్లకీ మళ్లీ పేర్లు రాశాను. మర్నాడు పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షలో సరిపోయింది.

ఇక మీ రెండో ప్రశ్న: ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతుందా?

తగ్గే చోటు ఒకటి స్పష్టంగా తెలుసు. డోపమైన్‌కీ ఆక్టోపమైన్‌కీ మధ్య. తిండి తగులుతున్నంతసేపు డోపమైన్ వస్తూ ఉంటుంది. ఆక్టోపమైన్ వదిలే ఆర్‌ఐసీ కణాల మీద డోపమైన్ రిసెప్టర్లున్నాయి, అవి ఆ కణాల నోరు నొక్కేస్తాయి. తిండి పోతే డోపమైన్ తగ్గుతుంది, ఆర్‌ఐసీ మీద పట్టు సడలుతుంది, ఆక్టోపమైన్ బయటికి వస్తుంది. అది తలలోని ఎస్‌ఐఏ అనే న్యూరాన్లలో సీఆర్‌ఈబీ అనే ప్రొటీన్‌ని మేల్కొలిపి జన్యువులను పనిలోకి దింపుతుంది. గమనించండి, ఇది సీసాలో నీళ్లు ఒకవైపు పోస్తే ఇంకోవైపు తగ్గినట్టు కాదు. మధ్యలో ఒక కణం, దాని మీద ఒక రిసెప్టర్ ఉండబట్టే ఈ ఎక్కువ తక్కువలు. ఆ రిసెప్టర్‌ని తీసేస్తే కడుపు నిండిన పురుగులో కూడా ఎస్‌ఐఏ పస్తున్నట్టే ప్రవర్తిస్తుంది.

సెరటోనిన్, ఆక్టోపమైన్‌ల వైరం ఇంకా పాతది. 1982లోనే హార్విట్జ్ బృందం రాసింది: సెరటోనిన్ పోస్తే పురుగు గొంతు వేగంగా కొట్టుకుంటుంది, గుడ్లు పెడుతుంది, పాకడం తగ్గిస్తుంది. ఆక్టోపమైన్ పోస్తే గొంతు మందగిస్తుంది, గుడ్లు ఆగుతాయి. తిండి మీద మామూలు పురుగు గొంతు నిమిషానికి 200 దాటి కొట్టుకుంటుంది. కంటితో లెక్కపెట్టడం కష్టం, మేం ఫోన్‌తో వీడియో తీసి నెమ్మదిగా నడిపి లెక్కపెట్టేవాళ్లం.

ఈ వైరాన్ని ఒకే చోట చూడాలంటే ఆక్టనాల్ ప్రయోగం చేయాలి. ఘాటు వాసన ఉండే ద్రవం అది. కనుబొమ్మ వెంట్రుకని టూత్‌పిక్ చివర అంటించి (నిజంగానే, మా ల్యాబ్‌లో అందరి కనుబొమ్మలూ పల్చబడ్డాయి) పలచన చేసిన ఆక్టనాల్‌లో ముంచి పురుగు ముక్కు ముందు పెడతాం. లాన్ మీద ఉన్న పురుగు ఐదు సెకన్లలో వెనక్కి పోతుంది. తిండి లేని చోట పదినిమిషాలు గడిపిన పురుగుకి దాదాపు పది సెకన్లు పడుతుంది. తిండి లేకపోయినా బయటి నుంచి సెరటోనిన్ ఇస్తే మళ్లీ ఐదుకి వస్తుంది. దానితోపాటు ఆక్టోపమైన్ గానీ టైరమైన్ గానీ కలిపితే తిరిగి పదికి పోతుంది. ఆకలి రుచెరుగదు అంటాం కదా. పురుగులో ఆ సామెత ఖరీదు ఐదు సెకన్లు.

ఇక ఎక్కడ తగ్గదో చూడండి. పురుగుని నడిపించే మోటార్ న్యూరాన్ల మీద డాప్-1, డాప్-3 అనే రెండు రకాల డోపమైన్ రిసెప్టర్లు ఒకే కణంలో ఉన్నాయి. ఒకటి కదలమంటుంది, ఇంకొకటి ఆగమంటుంది. అదే డోపమైన్, అదే కణం. బయటి నుంచి డోపమైన్ దండిగా పోస్తే పురుగు బిగుసుకుపోతుంది, ఎందుకంటే ఆగమనేదే గెలుస్తుంది. డాప్-3 తీసేసిన పురుగు అంత తేలిగ్గా బిగుసుకోదు. డాప్-1ని కూడా తీసేస్తే మళ్లీ మామూలుగా బిగుసుకుంటుంది. "డోపమైన్ పెంచుకోండి" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఈ ప్రయోగమే గుర్తొస్తుంది. ఏ రిసెప్టర్ కోసం పెంచాలి బాబూ?

కలిసి పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. గుడ్లు పెట్టించే హెచ్‌ఎస్‌ఎన్ న్యూరాన్ సెరటోనిన్‌తో పాటు ఎన్‌ఎల్‌పీ-3 అనే పెప్టైడ్‌ని (చిన్న ప్రొటీన్ ముక్కని) కూడా వదులుతుంది. రెంటిలో ఒకటి పోయినా పురుగు ఎలాగోలా నెట్టుకొస్తుంది. రెండూ పోతే గుడ్లు లోపలే పేరుకుపోతాయి. ఒక జన్యువు తీసేసి "తేడా ఏం రాలేదు, కాబట్టి దీనికి పని లేదు" అని రాసే రిపోర్టులు నేను చాలా దిద్దాను. దీని గురించి చెప్పి వెనక్కి పంపేదాన్ని.

ఇంకో మెలిక కాలానికి సంబంధించింది. తిండి మీదున్న పురుగుని గంటసేపు చూస్తే రెండు రకాల ఘట్టాలు కనిపిస్తాయి. కొన్ని నిమిషాలు ఒకేచోట తచ్చాడుతుంది, తర్వాత కొన్ని నిమిషాలు పరుగులాంటి పాకుడు. ఏమీ మార్చకపోయినా ఇలా మారుతూనే ఉంటుంది. 2013లో ఫ్లావెల్, బార్గ్‌మన్ బృందం తేల్చింది ఏమిటంటే, తచ్చాడే దశని సెరటోనిన్ పొడిగిస్తుంది, తిరిగే దశని పీడీఎఫ్ అనే న్యూరోపెప్టైడ్ పొడిగిస్తుంది. ఒకటి గెలిస్తే కాసేపు అదే నిలబడేలా ఏర్పాటుంది. మిల్లీసెకన్లలో జరిగే నరాల మాటల మీద నిమిషాలపాటు నిలిచే ఈ "మూడ్" వచ్చి కూర్చుంటుంది. మూడ్ అన్న మాట పురుగుకి వాడొచ్చా అని ఒకసారి మా టీ గుంపులో గంట గొడవ. నేను వాడతాను.

మూడో ప్రశ్న, మ్యాప్ ఉన్నా ఎందుకు చెప్పలేకపోతున్నాం.

మా వీధిలోకి రోజూ ఉదయం ఆటో మీద మైకు పెట్టుకుని ఉల్లిగడ్డలు అమ్మేవాడు వస్తాడు. రికార్డు చేసిన గొంతు, వందకి నాలుగు కిలోలంటూ. ఆ కేక అన్ని ఇళ్లకీ వినబడుతుంది. ఉల్లిగడ్డలు అయిపోయినవాళ్లు గిన్నె పట్టుకుని బయటికొస్తారు. పసిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో కిటికీ మూస్తారు. మిగతావాళ్లు పట్టించుకోరు. ఊళ్లోని ఫోన్ లైన్ల మ్యాప్ ఎంత గొప్పగా గీసినా ఈ తతంగం అందులో కనబడదు.

1986లో వైట్, బ్రెనర్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముక్కల నుంచి గీసింది ఫోన్ లైన్లు. డోపమైన్, సెరటోనిన్ లాంటి ఈ మోనోఅమైన్లు, పెప్టైడ్లు చాలావరకు మైకులో వెళ్తాయి. వైరు లేకుండా కణాల మధ్య ద్రవంలో పాకి, రిసెప్టర్ ఉన్న కణాన్ని చేరతాయి. మోనోఅమైన్ల మైకు మ్యాప్ 2016లో వచ్చింది, పెప్టైడ్లది 2023లో. పురుగులో పెప్టైడ్లను తయారుచేసే జన్యువులు వందకి పైనే ఉన్నాయి. పైగా, తలుపు తీసే ఇల్లూ కిటికీ మూసే ఇల్లూ ఉన్నట్టు, మాడ్-1 అనే సెరటోనిన్ రిసెప్టర్ క్లోరైడ్‌ని లోనికి పంపి కణాన్ని అణచేస్తుంది, అదే సెరటోనిన్ గుడ్ల ద్వారం కండరాలను ఇంకో రిసెప్టర్ ద్వారా ఉత్సాహపరుస్తుంది. మ్యాప్‌లో గీత ఉంది సరే, ఈ పూట ఆ గీత మీద ఎంత నడుస్తుందో మైకు చెబుతుంది.

ఒక్క ఉదాహరణతో ఇది కళ్లకు కడుతుంది. పురుగు తల మీద వెంట్రుకతో నిమరండి. వెంటనే వెనక్కి పోతుంది. మామూలుగా పాకేటప్పుడు ముక్కు అటూ ఇటూ ఊపుతూ ఉంటుంది కదా, వెనక్కి పోయేటప్పుడు ఆ ఊపు ఆగిపోతుంది. ఆర్‌ఐఎం వదిలిన టైరమైన్ ఎల్‌జీసీ-55 అనే ద్వారాన్ని తెరిచి మెడ కండరాలను సడలిస్తుంది. ఎందుకంత పట్టింపు అనిపించొచ్చు. మట్టిలో కొన్ని బూజులు ఉచ్చులు కట్టి పురుగుల కోసం కాచుకుంటాయి. పురుగు ఉచ్చులో దూరగానే అది బిగుసుకోవడం మొదలవుతుంది. తల ఊపకుండా నేరుగా వెనక్కి జారిన పురుగు తప్పించుకుంటుంది, టైరమైన్ లేని మ్యూటెంట్లు ఎక్కువగా చిక్కుకుంటాయి. ఇదే టైరమైన్ పేగు దాకా వెళ్లి, వేడిని, ఆకలిని తట్టుకునే ఏర్పాట్లను తగ్గిస్తుందని 2019లో తేలింది. పారిపోయే క్షణంలో అది సరే. రోజంతా వేడి ఉంటే పురుగు టైరమైన్ వదలడం తగ్గించుకుంటుంది.

వేడి అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. ఒక మే నెలలో మా ఇంక్యుబేటర్ రాత్రంతా కరెంటు లేక ఆగిపోయింది. ఉదయానికి లోపల 31 డిగ్రీలు. ఆ పురుగులతోనే ఆ వారం లెక్కలన్నీ చేశాం, ఎన్2 కూడా లాన్ మీద సరిగ్గా నెమ్మదించలేదు. "కొత్త విషయం దొరికింది" అని రెండురోజులు సంబరపడ్డాం కూడా. వీటికి 20 డిగ్రీలు హాయి, 25 దాకా ఓర్చుకుంటాయి, 27 దాటితే పిల్లలు పుట్టవు.

ఇంకా కొన్ని హెచ్చరికలు, నా విద్యార్థులు పదేపదే తప్పుతారు గనక. బయటి నుంచి సెరటోనిన్ ఇచ్చే ప్రయోగాల్లో చాలా గాఢంగా, మిల్లీమోలార్ల లెక్కన పోస్తాం, పురుగు చర్మం అంత మందం. దానితో ఏం *జరగగలదో* తెలుస్తుంది, సహజంగా ఏం జరుగుతుందో కాదు. టైరమైన్ నుంచే ఆక్టోపమైన్ తయారవుతుంది, కాబట్టి టీడీసీ-1 జన్యువు తీసేస్తే రెండూ పోతాయి. పక్కనే ఆక్టోపమైన్ ఒక్కటే లేని టీబీహెచ్-1ని పెట్టి పోల్చకుండా "ఇది టైరమైన్ పని" అని రాయకండి. క్యాట్-4 అనే మ్యూటెంట్‌లో అయితే డోపమైన్, సెరటోనిన్ రెండూ దెబ్బతింటాయి. ఇక పురుగులో చూసినదాన్ని మనిషి డిప్రెషన్ మందుల దాకా లాక్కెళ్లకండి. ఫ్లూఒక్సెటిన్ అనే డిప్రెషన్ మందు పోస్తే పురుగు గుడ్లు పెడుతుంది, నిజమే. సెరటోనిన్‌ని వెనక్కి పీల్చుకునే మాడ్-5 ప్రొటీన్ లేని పురుగుల మీద కూడా ఆ మందు ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది. అంటే అది వేరే తలుపులు కూడా తడుతోంది.

పోతే, స్కూళ్లలో ఇచ్చే నులిపురుగుల మాత్రతో దీనికి సంబంధం ఉందా అని కింద కామెంట్లలో ఎవరో అడిగారు. ఫిబ్రవరి 10న పిల్లలకు ఇచ్చేది ఆల్బెండజోల్, అది పురుగు ట్యూబ్యులిన్ అనే కణ నిర్మాణాన్ని దెబ్బతీస్తుంది, నరాల రసాయనాలను కాదు. లెవమిసోల్, ఐవర్‌మెక్టిన్ మాత్రం నరాల రిసెప్టర్ల మీదే పనిచేస్తాయి. లెవమిసోల్ ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్లను పట్టుకుని కండరాన్ని బిగించేస్తుంది. ఐవర్‌మెక్టిన్ గ్లూటమేట్‌కి స్పందించే క్లోరైడ్ ద్వారాలను తెరిచి ఉంచుతుంది.

ఇక మీ ప్రాజెక్టు. చేయొచ్చు, హాయిగా చేయొచ్చు. నలభై రెట్లు చూపించే స్టీరియో మైక్రోస్కోప్, అగార్ ప్లేట్లు, ఓపీ50 అనే ఈ. కోలై బ్యాక్టీరియా, పురుగుల్ని ఎత్తడానికి ప్లాటినం తీగ చాలు. ఎన్2, క్యాట్-2, టీపీహెచ్-1 రకాలను మిన్నెసోటా యూనివర్సిటీలోని సెంటర్ పంపిస్తుంది, కానీ ముందు ఇక్కడే పురుగుల మీద పనిచేసే ల్యాబ్ ఏదైనా అడిగి చూడండి. ఒక ముక్క అగార్ కోసి ఇస్తే చాలు, మూడు రోజుల్లో ప్లేటు నిండుతుంది. లాన్ మీద నెమ్మదించే ప్రయోగమే ఎంచుకోండి. లెక్కపెట్టే మనిషికి ఏ ప్లేటు ఏదో తెలియకూడదు, పేర్లు స్నేహితురాలితో కోడ్ చేయించండి. ప్లేటు కింద రాయండి, మూత మీద కాదు, మూతలు మారిపోతాయి. స్పిరిట్ సీసా దూరంగా పెట్టండి. పస్తు పెట్టే ముందు పురుగుని ఖాళీ ప్లేటు మీద ఒకసారి పాకించి ఒంటికి అంటిన బ్యాక్టీరియా రాలిపోయాక ఇంకో ఖాళీ ప్లేటుకి మార్చండి. ఈ మెట్టు వదిలేసి నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను, పస్తున్నాయనుకున్న పురుగులు నేను మోసుకొచ్చిన టిఫినే తింటున్నాయి. పరీక్ష ప్లేటు మీదికి మార్చిన తర్వాత ఐదు నిమిషాలు ఆగి, తల వెనక భాగం ఒకవైపు నుంచి మళ్లీ అదే వైపుకి వచ్చేదాకా ఒకటి అని లెక్కపెడతారా, వైపు మారిన ప్రతిసారీ ఒకటి అంటారా అన్నది మొదటి రోజే తేల్చుకుని నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టండి. వేడి తగ్గుతుంది కాబట్టి నవంబర్‌లో మొదలుపెడితే మంచిది.